పత్రికలో పడిన పర్యావరణ ప్రకటనను చదవడం, దానికి జవాబివ్వడం: విశాఖవాసులకు ఒక మార్గదర్శిని

టెండరు పిలుపులకూ, పేరు మార్పిడి ప్రకటనలకూ, బ్యాంకు వేలం నోటీసులకూ మధ్య, “ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా” అని చీమ తలకాయంత అక్షరాలతో మొదలయ్యే ప్రకటన ఒకటి అప్పుడప్పుడు కనిపిస్తుంది. అందులో ఒక గ్రామం, కొన్ని సర్వే నంబర్లు, ఒక పరిశ్రమ లేదా క్వారీ పేరు, దాని సామర్థ్యం, చివర ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగే తేదీ, వేళ, స్థలం ఉంటాయి. ప్రకటన ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి. చాలామంది దీనిని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. చూసినవారు కూడా సభ రోజున వెళ్లి నాలుగు మాటలు అడిగి వద్దామనుకుని ఊరుకుంటారు. సభ ఒక పూటలో ముగిసిపోతుంది. ప్రకటన పడిన రోజుకూ ఆ పూటకూ మధ్య చట్టం కనీసం 30 రోజుల గడువు ఇచ్చింది. అసలు పని జరగవలసింది ఆ 30 రోజుల్లోనే కనుక, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది.

ఏ అనుమతికి ప్రకటన వస్తుంది, దేనికి రాదు

పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీచేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఈ ప్రకటనలకు మూలం. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టులు ‘ఎ’ కేటగిరీలోకి వస్తాయి, వాటికి పర్యావరణ అనుమతి కేంద్ర మంత్రిత్వ శాఖ ఇస్తుంది; ‘బి’ కేటగిరీ ప్రాజెక్టులకు రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ అంచనా ప్రాధికార సంస్థ ఇస్తుంది. అనుమతి ఎవరిచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణ సభను నిర్వహించవలసింది మాత్రం కాలుష్య నియంత్రణ మండలే.

అన్ని ప్రాజెక్టులకూ సభ ఉండదు. ‘బి’ కేటగిరీలో ‘బి2’గా, అంటే ప్రభావ అంచనా నివేదిక అక్కరలేనివిగా వర్గీకరించినవాటికి, భవన నిర్మాణాలకు, అదనపు భూసేకరణ లేని రోడ్డు విస్తరణలకు, సాగునీటి ప్రాజెక్టుల ఆధునికీకరణకు, ముందే పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక పార్కుల లోపల వచ్చే యూనిట్లకు నోటిఫికేషన్ మినహాయింపునిచ్చింది. కాబట్టి పెద్ద పారిశ్రామిక పార్కు ప్రహరీ పక్కన ఉండేవారు ప్రతి కొత్త యూనిట్‌కూ పత్రికలో ప్రకటన పడుతుందని ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. వారు పార్కు మొత్తానికి వచ్చిన అనుమతిలోని షరతులను పట్టుకోవాలి.

అలాగే నీటి చట్టం (1974), వాయు చట్టం (1981) కింద మండలి ఇచ్చే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓలను, అంటే స్థాపనకూ నడపడానికీ ఇచ్చే సమ్మతులను, పర్యావరణ అనుమతితో కలిపి గందరగోళపడకూడదు. వాటికి ప్రజాభిప్రాయ సభ లేదు. అయితే సమ్మతులలో విధించిన షరతుల రిజిస్టరును మండలి నిర్వహించాలనీ, ఆ వ్యర్థజలాలతో సంబంధమున్న లేదా వాటివల్ల ప్రభావితమయ్యే వ్యక్తి దానిని చూడవచ్చుననీ నీటి చట్టం 25వ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఈ సంగతి తెలిసి రిజిస్టరు అడిగేవారు చాలా అరుదు.

ఇవి కాక పత్రికలో సులభంగా కనబడని రెండు నోటీసులున్నాయి. కంబాలకొండ వంటి అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించేటప్పుడు కేంద్రం ముసాయిదాను గెజిట్‌లో ప్రచురిస్తుంది. ఆ గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో అభ్యంతరాలు పంపవచ్చు. ఇసుక, కంకర వంటి చిన్న తరహా ఖనిజాల తవ్వకానికి ఆధారమయ్యే జిల్లా సర్వే నివేదిక ముసాయిదాను కలెక్టరేట్‌లోనూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ 21 రోజులు ఉంచాలి. నా దృష్టిలో ఈ రెండోది చాలా విలువైన అవకాశం. ఏ వాగులో, ఏ మెట్టపై తవ్వవచ్చో ఒకసారి ఆ నివేదికలోకి ఎక్కిన తరువాత, ఒక్కొక్క లీజు మీద విడివిడిగా పోరాడడం ఏటికి ఎదురీదడమే.

ప్రకటన కంటబడిన రోజు

మొదట దానిని పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు కనబడేలా కత్తిరించి భద్రపరచండి. కేవలం ప్రకటన భాగాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే తేదీ పోతుంది. తేదీ లేని ప్రకటన రేపు ఏ ఆధారానికీ పనికిరాదు. ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ ప్రచురించాలన్నది నియమం కనుక రెండోది ఏ పత్రికలో, ఏ రోజున వచ్చిందో కూడా వెతకండి. ఆ తరువాత క్యాలెండరు ముందు పెట్టుకుని ప్రచురణ తేదీ నుంచి సభ తేదీ వరకు రోజులు లెక్కించండి. 30 కంటే తక్కువ వస్తే మీ మొదటి అభ్యంతరం అక్కడే దొరికినట్టు. పత్రికలు చేరని ఊళ్లలో టముకు వేయించి, రేడియో లేదా టీవీ ద్వారా తెలియజేయాలని కూడా నిబంధన చెబుతోంది. తీరం వెంబడి మత్స్యకార పేటలలో టముకు పడిందో లేదో ఆ ఊరివారినే అడిగి రాసిపెట్టుకోవాలి.

రెండో పని స్థలాన్ని గుర్తించడం. ప్రకటనలో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు, జనం నోట ఉండేది శివారు పేరు. తమ పేట ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో తెలియక, పక్క ఊరి వ్యవహారమనుకుని వదిలేసినవారిని నేను చూశాను. సర్వే నంబర్లను రాష్ట్ర భూరికార్డుల వెబ్‌సైట్ అయిన మీభూమి పోర్టల్‌లోని గ్రామ పటంతోనూ, ఎఫ్‌ఎంబీతోనూ (ఒక్కో సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) సరిపోల్చుకుంటే స్థలం ఎక్కడుందో, దాని హద్దున చెరువుందా, గెడ్డ ఉందా, శ్మశానం ఉందా, డొంకదారి ఉందా అన్నది అరగంటలో తేలుతుంది.

ఇక్కడ మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. భీమిలి, ఆనందపురం, పెందుర్తి, గాజువాక విశాఖపట్నంలో ఉన్నాయి. పాత అనుమతి పత్రాలలో అన్నీ విశాఖపట్నం జిల్లాగానే కనిపిస్తాయి కనుక విస్తరణ ప్రాజెక్టు విషయంలో ఏ కలెక్టరుకు రాయాలో ముందే చూసుకోవాలి. ఒక కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ మరో కలెక్టరేట్‌కు చేరేలోపు సభ అయిపోవడం వింతేమీ కాదు.

మూడోది సామర్థ్యం. విస్తరణ అయితే ఇప్పుడున్నది ఎంత, అడుగుతున్నది ఎంత అన్నది విడివిడిగా చూడండి. క్వారీ అయితే హెక్టార్లు చూడండి. ఒక్కొక్కటి 5 హెక్టార్లకు కాస్త తక్కువగా ఉండే లీజులు ఒకే కొండకు వరసగా ఉంటే ప్రతిదీ చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఒకే రకం ఖనిజమున్న చోట ఒక లీజు అంచుకూ మరో లీజు అంచుకూ మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే వాటిని ఒక సముదాయంగా లెక్కించాలి. పక్క లీజుల విస్తీర్ణాలను కూడి చూడడం రెండు నిమిషాల పని.

నివేదికను సంపాదించడం

ముసాయిదా పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను, దాని సారాంశాన్ని ఎక్కడెక్కడ చూడవచ్చో ప్రకటనలోనే రాయాలి. సాధారణంగా కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు లేదా నగరపాలక సంస్థ, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీ, మండలి ప్రాంతీయ కార్యాలయం అందులో ఉంటాయి. మండలి వెబ్‌సైట్‌లో సారాంశం దొరుకుతుంది, కానీ అసలు నివేదిక వందల పేజీలది కావడంతో కార్యాలయానికి వెళ్లి చూడక తప్పదు.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం కింద జవాబివ్వడానికి గడువే 30 రోజులు. మీ చేతిలో ఉన్నదీ 30 రోజులే. నివేదిక కోసం సమాచార హక్కు మీద ఆధారపడితే కాగితం చేతికందేసరికి షామియానా విప్పేస్తారు. నేరుగా వెళ్లి, ప్రకటన కత్తిరింపు చూపించి, ఇక్కడ చూడవచ్చని రాశారు కనుక చూపించండని అడగడమే దగ్గరి దారి. లేదన్నా, సారు మీటింగులో ఉన్నారన్నా, ఆ తేదీ, వేళ రాసి అక్కడికక్కడే చిన్న అర్జీ తపాలు విభాగంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒక కార్యాలయంలో మూడుసార్లు తిరిగినా నాకు నివేదిక దొరకలేదు. నాలుగోసారి ఆ ముద్ర పడిన అర్జీ నకళ్లు మూడూ బల్లమీద పెట్టాక బీరువా తెరుచుకుంది.

తెలుగు సారాంశం చట్టప్రకారం ఉండవలసిందే, ఉంటుంది కూడా. అయితే దాని తెలుగు ఎలా ఉంటుందో ముందే హెచ్చరించాలి. గాలి ఏ దిక్కు నుంచి ఎంతసేపు వీస్తుందో చూపే రేఖాచిత్రానికి ఇంగ్లీషులో ఉన్న పేరును మాటకు మాట దించి ‘పవన గులాబీ’ అని రాసిన సారాంశం ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. కాబట్టి తెలుగు ప్రతిలో అర్థం కాని చోట ఇంగ్లీషు ప్రతిలోని అదే పేరాను తెరిచి అంకెలు సరిపోల్చుకోండి. ఇంటర్ చదివే పిల్లవాడు పక్కన కూర్చున్నా సాయమే.

నివేదికలో ఏం వెతకాలి

అంతా చదవనక్కరలేదు. మొదట క్షేత్ర సమాచారం ఏ నెలల్లో సేకరించారో చూడండి. వానాకాలం కాని ఒక సీజన్‌లో సేకరిస్తే చాలని నియమం కనుక చాలా నివేదికల్లో అది ఒక సీజనుకే పరిమితమవుతుంది. మన ప్రాంతంలో దాని పర్యవసానం చిన్నది కాదు. మార్చి నుంచి మే వరకు గెడ్డలు ఎండి, ఇసుక మేటలే మిగులుతాయి. ఆ నెలల్లో వచ్చి వెళ్లిన బృందం సమీపంలో ఉపరితల జలవనరులు లేవని రాస్తే, తాను చూసినంతవరకు అది అబద్ధం కాదు. అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు అదే గెడ్డ దారులు ముంచుతుందని తెలిసినవాడు ఊళ్లోనే ఉంటాడు. గాలి సంగతీ అంతే. వేసవిలో మన తీరాన గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, చలికాలంలో ఈశాన్యం నుంచి. వేసవి గాలి మీద లెక్కకట్టిన నివేదిక ప్రకారం పొగ గొట్టానికి ఈశాన్యాన ఉన్న ఊరికే దుమ్ము పడుతుంది. నైరుతిన ఉన్న ఊరు ఆ లెక్కలో ఉండదు. సమాచారం ఎంత పాతదో కూడా చూడండి, మూడేళ్లు దాటినది చెల్లదు.

తరువాత 10 కిలోమీటర్ల అధ్యయన పరిధి పటాన్ని తీసుకుని, మీకు తెలిసిన ప్రతి ఊరు, చెరువు, ఆవ, బడి అందులో ఉన్నాయో లేవో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోండి. మేఘాద్రి గెడ్డ జలాశయం నుంచి నగరానికి తాగునీరు వస్తుంది. ఆ పరీవాహక ప్రాంతంలో ప్రతిపాదన అయితే జలాశయానికి దూరాన్ని గీతబద్దతో కొలిచినట్టు రాశారా, నీరు పారే దారి వెంబడి చూశారా అన్నది గమనించాలి. తీరప్రాంత ప్రాజెక్టు అయితే పోటు రేఖను చూపే 1:4000 పటం ఉండాలి; వలలు ఆరబెట్టుకునే చోటు, పడవలు లాగే ఇసుక దిబ్బ అందులో ఖాళీ స్థలంగా కనిపిస్తే ఆ పేటవారి చేత ఫొటోలు తీయించండి.

చివరగా వ్యర్థాలు, విపత్తుల అధ్యాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీదుగానే తీరం దాటింది. వ్యర్థజలాల చెరువు గట్టు అంతటి వానను తట్టుకుంటుందా, కరెంటు రోజుల తరబడి లేకపోతే శీతలీకరణ ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఇక్కడ ఊహాజనితమైనవి కావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైన తరువాత, ఊరిని ఎవరు ఎలా హెచ్చరిస్తారు, సైరన్ ఎంత దూరం వినబడుతుంది, ఏ దారిన బయటికి వెళ్లాలి అని అడిగేవారిని ఎవరూ తేలికగా తీసుకోరు. నివేదికలో జవాబు లేకపోతే లేదని రాయండి.

అభ్యంతరం రాసే తీరు

“ఈ పరిశ్రమ వల్ల మా ఊరు నాశనమవుతుంది, దయచేసి అనుమతి ఇవ్వవద్దు” అన్న వాక్యంలోని బాధ నిజమే కావచ్చు. కానీ అనుమతికి ముందు ప్రాజెక్టును పరిశీలించే నిపుణుల మదింపు కమిటీ ముందుకు వెళ్లినప్పుడు దానికి వచ్చే జవాబు “తగిన నియంత్రణ చర్యలు తీసుకుంటాము” అన్న ఒక్క ముక్క. అలాంటి జవాబుతో సరిపెట్టలేని విధంగా రాయాలి. ఒక మచ్చు ఇస్తున్నాను. ఖాళీలను మీ వివరాలతో నింపుకోవచ్చు.

“సారాంశ నివేదిక ....వ పేజీలో, ప్రాజెక్టు స్థలానికి 1 కిలోమీటరు లోపల ఉపరితల జలవనరులు లేవని ఉంది. సర్వే నంబరు .... తూర్పు హద్దు వెంబడి గెడ్డ పారుతున్నట్టు గ్రామ పటంలో ఉంది, నకలు జతపరిచాను. అక్టోబరు నెలలో తీసిన ఫొటోలు రెండు జతపరిచాను. ఈ గెడ్డ నీరు .... చెరువులోకి చేరుతుంది. నివేదికలోని నమూనాలు మార్చి-మే నెలల్లో తీసినవి కనుక ఈ గెడ్డ అధ్యయనంలోకి రాలేదు. గెడ్డ పారే కాలంలో నీటి నమూనాలు సేకరించి, చెరువు ఆయకట్టుపై ప్రభావాన్ని లెక్కించి, తుది నివేదికలో చేర్చవలసిందిగానూ, ఈ అభ్యంతరాన్ని సభా కార్యక్రమ వివరాల్లో నమోదు చేయవలసిందిగానూ కోరుతున్నాను.”

పేజీ నంబరు, సర్వే నంబరు, ఆధారం, కోరిక అనే నాలుగూ ఉంటే ఉత్తరం పొడుగు ముఖ్యం కాదు. ఒక్కో అంశానికి ఒక్కో పేరా కేటాయించండి. ఒకే నకలు మీద 200 సంతకాల కంటే, ఆరుగురు తమ తమ పొలం, బావి, బడి, వేట గురించి విడివిడిగా రాసిన ఆరు ఉత్తరాలు మేలని నా అనుభవం. మండలికీ కలెక్టరుకూ చెరొక ప్రతి ఇచ్చి ముద్ర వేయించుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఊళ్లో నివసించకపోయినా, సహేతుకమైన సంబంధం ఉన్నవారు ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే కొడుకూ కూతురూ కూడా రాయవచ్చు.

సభ రోజున

సభ ప్రాజెక్టు స్థలంలో గానీ, దానికి అతి సమీపంలో గానీ జరగాలి. కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధి అధ్యక్షత వహించాలి, కార్యక్రమమంతా వీడియో తీయాలి. హాజరుకు కోరం అంటూ ఏమీ లేదు. పదిమంది వచ్చినా సభ చెల్లుతుంది. హాజరు పట్టీలో సంతకం చేయండి. దానివల్ల ప్రాజెక్టుకు ఒప్పుకున్నట్టవుతుందని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. ఆ పట్టీ మీరు వచ్చారని చెప్పేది మాత్రమే.

మైకు అందగానే పేరు, ఊరు చెప్పి, రాసుకున్న కాగితం చదివి, ఆ కాగితాన్ని వేదిక మీద ఇచ్చేయండి. ఉపన్యాసం అవసరం లేదు. ఎవరో బస్సుల్లో తెచ్చినవారు ముందు వరుసల్లో చప్పట్లు కొడుతున్నా, మీ మాటను వీడియో, కాగితం రెండూ పట్టుకుంటాయి.

కుర్చీలు విసిరి సభను ఆపితే గెలిచామనుకునేవారు ఒక నిబంధనను తప్పక చదవాలి. స్థానిక పరిస్థితులవల్ల ప్రజలు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే విధంగా సభ జరపడం సాధ్యం కాదని నివేదిస్తే, అనుమతి ఇచ్చే ప్రాధికార సంస్థ అసలు సభ అవసరమే లేదని నిర్ణయించవచ్చు. అప్పుడు సభలో మీరు నోటితో చెప్పదలచుకున్నదేదీ నమోదు కాదు. సభ వాయిదా పడాలంటే అనుకోని అత్యవసర పరిస్థితి ఉండాలి, జిల్లా మేజిస్ట్రేట్ సిఫారసు ఉండాలి. కొత్త తేదీని మళ్లీ ప్రకటించాలి.

ముఖ్యమైన ఘట్టం భోజనాల వేళకు వస్తుంది, అప్పటికి సగం మంది వెళ్లిపోతారు. సభ చివర, అక్కడ వ్యక్తమైన అభిప్రాయాల సారాంశాన్ని మండలి ప్రతినిధి స్థానిక భాషలో చదివి వినిపించాలి. దానిపై అధ్యక్షుడు అదే రోజున సంతకం చేయాలి. ఆ చదివింపు పూర్తయ్యేదాకా కదలకండి. మీ అంశం రాకపోతే లేచి నిలబడి, “గెడ్డ గురించి ఇచ్చిన ఉత్తరం నమోదు కాలేదు, చేర్చండి” అని అడగండి.

తరువాత వచ్చే చిన్న ప్రకటన

మండలి సభా వివరాలను ప్రాధికార సంస్థకు పంపుతుంది, తన వెబ్‌సైట్‌లోనూ పెడుతుంది. దరఖాస్తుదారు లేవనెత్తిన అంశాలకు జవాబిచ్చి నివేదికను సవరించాలి. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికితే కమిటీ సమావేశాల అజెండా, మినిట్స్ కనిపిస్తాయి. అజెండాలో మీ ప్రాజెక్టు కనబడిన వెంటనే ముద్ర పడిన పాత ఉత్తరాల నకళ్లను కమిటీకి మళ్లీ పంపండి.

అనుమతి వస్తే ప్రాజెక్టు యాజమాన్యం ఆ సంగతిని పత్రికల్లో ప్రకటించాలి, ప్రతులను స్థానిక సంస్థలకు ఇవ్వాలి. ఆ సంస్థలు 30 రోజులపాటు ప్రదర్శించాలి. ఈ రెండో ప్రకటన మొదటిదానికంటే చిన్నది, ఎవరి కంటా పడనిది. కానీ జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 ప్రకారం అప్పీలుకు 30 రోజులు గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులకు మించకుండా పొడిగించవచ్చు, అంతకుమించి కుదరదు. పోర్టల్‌లో పెట్టిన తేదీ, పత్రికలో పడిన తేదీ, పంచాయతీలో అంటించిన తేదీ వేర్వేరుగా ఉంటే అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి లెక్కించుకోవడం క్షేమం. మన ప్రాంతానికి సంబంధించిన దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉంది, కనుక న్యాయవాదిని మాట్లాడుకోవడానికి, కాగితాల ఇంగ్లీషు అనువాదానికి పట్టే రోజులను కూడా ముందే తీసివేసుకోండి.

అప్పీలుకు వెళ్లకపోయినా అనుమతి పత్రాన్ని డౌన్‌లోడ్ చేసి, అందులోని షరతులను తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించవచ్చు. వాటి అమలుపై యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధవార్షిక నివేదికలు సమర్పించాలి. గెడ్డకు ఎంత దూరం వదిలారు, ఎన్ని మొక్కలు నాటారు, ఏ బావి నీరు ఎప్పుడు పరీక్షించారు అన్నవి అందులో ఉంటాయి. ఆ నివేదిక నకలు పట్టుకుని బావి దాకా నడిచి చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.